కొత్తనీరు, పాతగొట్టము

కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోవునను సామెత మనలో మిక్కిలి ప్రసిద్ధము. ఏటిని చూచి పెద్దలు చెప్పిన మాట అది. ఏటియందు అది నిజమే. వరద వచ్చినచో రెండు మూడు దినములు నీరు ఎఱ్ఱగా పారి, పిదప తేటపడును. కాని నేడు మనము త్రాగు నీరు ఏటినుండి నేరుగ కడవలోనికి వచ్చుట లేదు. ఎన్నడో భూమిలో పాతిన గొట్టముల గుండ వచ్చుచున్నది. అట్టి గొట్టములలో కొత్తనీరు కొట్టుకొనివచ్చునది పాతనీటిని కాదు, పాతతుప్పును. ఈ సంగతిని గూర్చి మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నాలుగు మాటలు చెప్పవలెనని మేము కొంతకాలముగ తలచుచున్నాము.

తెలుగు చెప్పుకొనువారికి కుళాయిగొడవ ఏలయని ఎవరైన అడుగవచ్చును. కుళాయి అను మాటయే మా పక్షమున సాక్ష్యము చెప్పగలదు. అది తమిళమునుండి మనకు వచ్చిన పదము. మన పిల్లనగ్రోవిలోని క్రోవియు, తమిళుల కుళలును ఒక్క వేరునుండి పుట్టినవే. రెంటికిని బోలుగానుండు గొట్టమనియే అర్థము. మేము చిత్తూరు సీమలో శిక్షణము పొంది, ఈ కృష్ణగిరి జిల్లాకు పనిచేయ వచ్చిన కొత్తలో, ఇచ్చటి పిల్లలు ఒకే వాక్యములో తెలుగు, తమిళము, కన్నడము కలిపి మాటలాడుట విని విస్తుపోతిమి. ఇప్పుడు అది మాకు ముచ్చటగనే యున్నది. ఈ పట్టణపు నీరును అట్టిదే. కొంత బోరుబావిది, కొంత కావేరిది. రెండును ఒకే గొట్టములో వచ్చును. వ్యాసమునకు విషయమిదే కనుక భాషాప్రసంగమును ఇంతటితో విడిచెదము.

ఈ కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలోని భూగర్భజలమున ఫ్లోరైడు అధికమని అందరెఱిగినదే. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగు పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు పడును. హెచ్చుగ నున్నచో ఎముకలు బిఱుసెక్కును, నడుము వంగదు. తరగతిలో పద్యము చదువుమన్నప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొని చదువు పిల్లలను మేము చూచితిమి. ఆ పిల్లలకు పద్యము రాక కాదు. ఈ బాధను తొలగింపవలెననియే హొగేనకల్ కడ కావేరినుండి నీరు తెచ్చి రెండు జిల్లాలకు ఇచ్చు పథకమును జపాను దేశపు ఋణసాయముతో నిర్మించిరి. అది 2013లో ప్రారంభమైనది. ఇది ఈ సీమకు జరిగిన గొప్ప మేలు.

అట్టి మేలు మేమున్న వీధికి వచ్చిన విధము చూడుడు. ముందుగ ఎవరును ఏమియు చెప్పలేదు. ఒక ఉదయమున కుళాయి విప్పినచో టీనీటి రంగున నీరు వచ్చెను. మఱునాడును అంతే. తెల్లని పంచె ఉదికినచో పసుపు పూసినట్లయ్యెను. వారము గడచినను నీరు పూర్తిగ తేటపడలేదు. అడుగబోయినవారికి, కొత్తనీరు గదా, అదే సర్దుకొనునని బదులు వచ్చినది. సర్దుకొన్నమాట నిజమే. కాని ఈలోపల జరుగవలసిన కీడు జరిగిపోయెను. మా విద్యార్థి యొకని తల్లి బడికి వచ్చినప్పుడు మాతో, “ఆ కావేరినీళ్ళు మాకొద్దు అయ్యవారూ. ఎర్రగా ఉండాయి. మా బోరునీళ్ళే మేలు, అద్దం మాదిరి ఉండాయి” అనెను. ఆమె కుమారుని పండ్లపై చారలున్నవి. అద్దమువంటి ఆ నీరే ఆ చారలకు కారణము. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచియు తెలియదు. తుప్పుకు రంగు కలదు. కంటికి కనబడినదానికి ఆమె భయపడెను, కనబడనిదానిని నమ్మెను. ఇందులో ఆమె తప్పేమియు లేదు. ఆమెకు ముందుగ చెప్పువారు లేకపోయిరి.

ఈ ఎఱ్ఱనీరు ఏల వచ్చును? కావేరిలో ఎఱ్ఱదనము లేదు, బోరుబావిలోను లేదు. అది గొట్టములో నున్నది. మన యిండ్లలో ఇనుప దోసెపెనము నెఱుగని వారుండరు. కొత్త పెనమునకు నూనె పట్టించి పలుమార్లు కాచి వాడినచో నల్లని పొర యేర్పడును. అప్పుడు దోసె అంటుకొనదు, పెనము తుప్పుపట్టదు. ఆ పెనముమీద ఒకనాడు చింతపండు పులుసు కాచినచో ఏమగును? పొర విడిపోవును, పులుసు నల్లబడును. ఇనుపగొట్టము సంగతియు నిట్టిదే. ఏండ్ల తరబడి ఒకే నీరు పారుటచే గొట్టము లోపల తుప్పు పేరుకొని, గడ్డలు గడ్డలుగ అంటియుండును. గడ్డ పైపెంకు గట్టిగ నుండును, లోపల మెత్తని తుప్పుండును. ఆ పెంకు ఆ నీటికి అలవాటుపడినది. ఆ నీటిలోని లవణములు, క్షారగుణము, ప్రాణవాయువు, క్లోరిను, అన్నియు ఆ పెంకును నిలిపియుంచును. నీరు మారినచో పెంకు సడలును. లోపలి ఇనుము కరగి నీటిలోనికి వచ్చి, ప్రాణవాయువు తగిలి ఎఱ్ఱబడును. గడ్డలును విఱిగి కొట్టుకొనివచ్చును.

ఏ నీరైన మారినంతమాత్రమున ఇట్లు జరుగునా యనిన, జరుగదు. క్లోరైడు, సల్ఫేటు అను లవణములు హెచ్చి, బైకార్బొనేటు తగ్గిన నీరు ఇనుమునకు పగ. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జలపరిశోధకులైన లార్సన్, స్కోల్డ్ అనువారు ఈ మూడింటి నిష్పత్తికిని ఇనుము తినబడుటకును గల సంబంధమును 1958లోనే ప్రకటించిరి. నీటి పుల్లదనము హెచ్చినను కీడే. అంతకంటె సామాన్యముగ తోచు కారణము మఱియొకటి కలదు. నీరు వచ్చు చోటు మారినచో గొట్టములలో అది పారు దిక్కు మారును. ఇన్నాళ్ళు తూర్పునకు పారిన గొట్టమున పడమరకు పారును. ఒకవైపుకు ఒదిగి పేరుకొన్న మడ్డి అంతయు లేచును. నీటి గుణము మంచిదైనను ఈ కీడు తప్పదు.

ఈ విషయమున లోకమునకు పాఠము చెప్పిన నగరము టూసాన్. అది అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారిలో నున్నది. ఆ నగరము చిరకాలము బావులనీటిమీదనే బ్రదికెను. తోడగా తోడగా నీటిమట్టము క్రుంగెను. కొలరాడో నదినుండి 336 మైళ్ళ కాలువ త్రవ్వి ఎడారికి నీరు తెచ్చిరి. ఈ కాలువపని 1973లో మొదలై ఇరువది యేండ్లు సాగెను. నీటిని శుద్ధిచేయుటకు నగరమువారు కొత్త కర్మాగారమును కట్టిరి. 1992 నవంబరులో నగరములోని సుమారు సగము ఇండ్లకు బావినీరు ఆపి నదినీటిని విడిచిరి.

నదినీరు శుద్ధమైనదే. కర్మాగారము విడుచు చోట తేటగనే యుండెను. కాని అందులో లవణములు బావినీటిలోకంటె రెట్టింపునకు పైగా నుండెను. పైగా ఇదివఱలో నగరమంతట చెదరియున్న బావులనుండి వచ్చెడు నీరు, ఇప్పుడు ఒక్క దిక్కునుండి రాసాగెను. పాత ఇనుపగొట్టములున్న పేటలలో కుళాయిలనుండి పసుపు, నారింజ, గోధుమ వన్నెల నీరు వచ్చెను. వేలకొలది ఫిర్యాదులు వచ్చెను. బట్టలు పాడయ్యెను, నీళ్ళు కాచు యంత్రములు చెడెను, ఇండ్లలోని గొట్టములు చిల్లులుపడి కారెను, గాజుతొట్లలో పెంచుకొన్న చేపలు చచ్చెను. నగరమువారు నష్టపరిహారము చెల్లింపవలసివచ్చెను. నీటి పుల్లదనము తగ్గించిరి, గొట్టములకు పూత పట్టించు ఫాస్ఫేటును కలిపిరి. ఐనను, విఱిగిన నమ్మకము అతుకలేదు. 1994లో ఆ సరఫరా నిలిపివేసిరి. 1995లో ప్రజలు ఓటువేసి, ఆ నీటిని నేరుగ ఇండ్లకు ఇయ్యరాదని శాసనము చేసికొనిరి.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఎండిపోవుచున్న బావులను కాపాడుటకు అంత వ్యయము చేసి తెచ్చిన నీరది. తుప్పు మూలమున ప్రజలు మరల ఆ బావులకే పోయిరి. మా వీధిలోని తల్లి చేసినదియు అదియే. ఎడారినగరమునకును, మా వీధికిని ఇంత పోలిక యుండునని మేము మొదట ఊహింపలేదు.

టూసాను వారు మరల చేసిన ప్రయత్నము ఇంకను మెచ్చదగినది. నదినీటిని నగరమునకు పడమటనున్న ఆవ్రా లోయలో పెద్ద మడుగులలో నిలిపి భూమిలోనికి ఇంకనిచ్చిరి. అది అచ్చటి భూగర్భజలముతో కలిసినది. ఆ కలిసిన నీటిని బావులద్వారా తోడి 2001లో నగరమునకు ఇయ్యసాగిరి. అంతకుముందే పాతగొట్టములను ఎన్నో మైళ్ళు తీసివేసి కొత్తవి వేసిరి. కలిపిన నీటిని సీసాలలో పోసి ప్రజలకు పంచి రుచిచూడుమనిరి. కొన్ని పేటలవారి యంగీకారముతో వారికి మొదట ఇచ్చి, వారేమందురో వినిరి. ఈమారు తిరుగుబాటు రాలేదు. నది మొదటిదే, ఊరును మొదటిదే. మారినది పనిచేసిన తీరు.

తుప్పునీరు చూచి భయపడుట అజ్ఞానమని ఇంతవఱకు చదివినవారు తలపవచ్చును. అట్లు తలపరాదు. ఫ్లింటు కథ అందుకు సాక్ష్యము. అదియు అమెరికాలోనిదే, మిషిగను రాష్ట్రములో అప్పటికి సుమారు లక్ష జనాభాగల నగరము. అది డెట్రాయిటునుండి హ్యూరన్ సరస్సునీటిని కొనుచుండెను. ఖర్చు తగ్గునని 2014 ఏప్రిల్ 25న ఆ యూరినానుకొని పారు ఫ్లింటు నదినీటికి మారిరి. డెట్రాయిటు నీటిలో గొట్టములను కాపాడు ఫాస్ఫేటు ఉండెను. కొత్తనీటిలో దానిని కలుపలేదు. నదినీటిలో క్లోరైడు పలురెట్లు హెచ్చు. ఎఱ్ఱనీరు వచ్చెను. జనులు సీసాలలో పట్టి సభలకు తెచ్చి చూపిరి. నీరు క్షేమకరమేయని అధికారులు చెప్పుచు వచ్చిరి. ఆ అక్టోబరులోనే జనరల్ మోటార్సు వారు తమ యంత్రభాగములు తుప్పుపట్టుచున్నవని ఆ నీటిని మానుకొనిరి. ఇనుప ముక్కలకు పనికిరాని నీరు బిడ్డలకు పనికివచ్చునని చెప్పిన ఆ ధైర్యమును ఏమనవలెనో మాకు తోచదు. ఆ యూరి ఇండ్లకు పోవు గొట్టములలో పలు సీసపువి. నీరు ఇనుమును తినుచుండగనే సీసమునుకూడ తినెను. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ ఎడ్వర్డ్స్ నీటిలో సీసమును కనుగొనెను. మోనా హన్నా అటీషా అను శిశువైద్యురాలు పిల్లల రక్తములో సీసము హెచ్చినట్లు 2015 సెప్టెంబరులో బయటపెట్టిరి. అక్టోబరులో మరల డెట్రాయిటు నీటికి మారిరి. అదే కాలమున ఆ ప్రాంతములో లెజియొనేరు అను ఊపిరితిత్తుల జబ్బుచే పండ్రెండుగురు మరణించిరి. సీసము పిల్లల మెదడునకు చేయు కీడు తిరిగి పోవునది కాదు.

మా విద్యార్థి తల్లి కన్ను ఆమెను మోసపుచ్చెను, ఫ్లింటు తల్లుల కన్ను నిజము చెప్పెను. కావున రంగు చూచినంతనే తీర్పు చెప్పరాదు, రంగే గదాయని త్రోసివేయను రాదు. పరీక్ష చేయించి చెప్పవలెను.

ఇక దీనిని ముందుగ ఎట్లు ఆపవచ్చునో చెప్పెదము. మొదటి పని, పాతగొట్టమును అడుగుట. ఫ్లారిడాలోని టాంపా ప్రాంతమున కొత్తనీళ్ళు కలుపుటకు ముందు, వాడుకలోనున్న పాతగొట్టములనే త్రవ్వి తెచ్చి, ఒకచోట బిగించి, వేర్వేరు పాళ్ళలో కలిపిన నీళ్ళను పారించి, ఏ కలయికకు ఎంత తుప్పు లేచునో విశ్వవిద్యాలయము వారి సాయముతో చూచిరి. ఊరివారు త్రాగవలసిన తుప్పును ఆ గొట్టములే ముందు త్రాగినవన్నమాట. రెండవది, నిదానము. పాతనీటిలో కొత్తనీటిని కొంచెము కొంచెముగ కలుపుచు పాలు పెంచవలెను. నీటి పుల్లదనమును, క్షారగుణమును పాతనీటికి దగ్గఱగ తేవలెను. అవసరమైనచో ఫాస్ఫేటు కలుపవలెను. మూడవది, కడుగుట. నీరు మార్చుటకు ముందే ఒక్కొక్క వీధిగొట్టమును వరుసగ, ఒకే దిక్కుగ, వేగముగ నీరు విడిచి మడ్డి పోగొట్టవలెను. ఇల్లు తుడుచువారు లోపలినుండి వాకిటివైపు తుడిచినట్లే ఈ పనియు శుభ్రమైన వైపునుండి సాగవలెను. లేనియెడల ఒక వీధి మడ్డి మఱియొక వీధికి చేరును. పూర్తిగ పాడైన గొట్టములను మార్చుటకంటె గతి లేదు.

మన దేశమున దీనికితోడు మఱియొక చిక్కు కలదు. మనకు నీరు రాత్రింబగళ్ళు రాదు, దినమునకు ఒకటి రెండు గంటలో, రెండు మూడు దినములకొకమారో వచ్చును. తక్కిన వేళ గొట్టము వట్టిదై గాలి ఆడును. తడి, గాలి రెండును దొరికినచో ఇనుమునకు అంతకంటె కీడు లేదు. అందుచే నీరు విడిచిన మొదటి నిముషములలో తుప్పు వచ్చుట మనకు కొత్త కాదు. వట్టిగొట్టములోనికి చిల్లులగుండ మురుగు చొఱబడు ప్రమాదమును కలదు. నీరు దుర్వాసన కొట్టినచో అది తుప్పుమాట కాదు. అది త్రాగరాదు, వెంటనే తెలుపవలెను.

నీటిమార్పులు ఇక తగ్గునని మేమనుకొనము. 1983లో కుదిరిన ఒడంబడిక ఫలితముగ 1996లో కృష్ణనీరు కండలేరునుండి పూండికి వచ్చి చెన్నపట్టణమునకు అందినది. 2004లో వీరాణము నీరు వచ్చినది. 2010లో మీంజూరు కడ, 2013లో నెమ్మేలి కడ సముద్రజలమునుండి ఉప్పు తీసిన నీరు వచ్చినది. ఉప్పు తీసిన నీరు మఱీ మెత్తనిది. దానికి సున్నపు గుణము తిరిగి చేర్పనిచో గొట్టములను తినును. హైదరాబాదు 1920లో గండిపేట చెఱువుతో తృప్తిపడెను, 2015నాటికి గోదావరినీటిని తెచ్చుకొనెను. పట్టణములు పెరుగుచున్నంతకాలము నీరు మారుచునే యుండును. కావున ఈ యెఱ్ఱనీటి ప్రశ్న మన పిల్లల కాలమునను తీరదు.

ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. గాజుగ్లాసులో నీరు పట్టి చూడుడు. పట్టినప్పుడే ఎఱ్ఱగా నుండి, కొంతసేపటికి అడుగున పొడి దిగినచో అది గొట్టపు తుప్పు. పట్టినప్పుడు తేటగా నుండి, గంట రెండు గంటలకు ఎఱ్ఱబడినచో నీటిలో ఇనుము కరగియున్నదన్నమాట. బోరునీటిలో ఇది సామాన్యము. దీనికి మన పెద్దలెఱిగిన పరీక్ష యొకటి కలదు. కరక్కాయ పొడిని, అన్నభేదిని కలిపి పూర్వము వ్రాతకు సిరా చేసికొనెడివారు. అన్నభేది ఇనుపలవణము. కావున కరగిన ఇనుము గల నీటిలో కరక్కాయ కషాయము వేసినచో సిరావలె నల్లబడును. ఇనుము తక్కువైనచో రంగు మాత్రము కొంచెము మారును. రసాయనశాల లేని బడిలోకూడ ఇది చేయవచ్చును.

ప్రక్కయింట తేటనీరు వచ్చి మీ యింట మాత్రమే ఎఱ్ఱనీరు వచ్చినచో, మీ యింటి గొట్టమును చూచుకొనవలెను. ఎఱ్ఱనీరు వచ్చుచున్నప్పుడు తొట్టి నింపరాదు, తెల్లబట్టలు ఉదుకరాదు. కొంతసేపు విడిచిపెట్టి తేటపడిన పిదప పట్టుకొనవలెను. విడిచిన నీటిని చెట్లకు పోయవచ్చును. మఱియొక ముఖ్యమైన మాట. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, సీసము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అవి చిక్కబడును. కాచి త్రాగుచున్నాము గదాయని బోరునీటిని నమ్మియున్న ఇండ్లు మేము పలుచోట్ల చూచితిమి.

ఇక అధికారులను అడుగవలసినది. ఏ దినమున నీరు మార్చెదరు, ఏ పాళ్ళలో కలిపెదరు, మా వీధిగొట్టమును ఎప్పుడు కడిగెదరు, ఎఱ్ఱనీరు వచ్చినచో ఎవరికి తెలుపవలెను, ఇవి నాలుగు ప్రశ్నలు. వీనికి బదులు తమిళమునను, తెలుగునను, కన్నడమునను అచ్చువేసి వీధి వీధికి పంచుట భారమైన పని కాదు. తెలియని భాషలో అతికించిన ప్రకటన గోడకు సున్నము వంటిది. మా పెద్ద తరగతుల పిల్లలు అట్టి ప్రకటనను మూడు భాషలలో చక్కగ వ్రాయగలరు. ఎవరైన అడిగినచో ఒక దినములో వ్రాసి యిచ్చెదము.

ఈ యేడు తొమ్మిదవ తరగతి పిల్లలు బడి కుళాయి నీటికి ఒక పుస్తకము పెట్టిరి. నీరు వచ్చిన తేదీ, గంట, రంగు, అడుగున దిగిన పొడి అందులో వ్రాయుచున్నారు. ఇతర వీధుల నీటిని కూడ చేర్పవలెనని వారి కోరిక. నీరు తెచ్చువారు తెల్లని గాజుసీసాను ఆ నీటితోనే రెండుమార్లు తొలిచి, నిండుగ పట్టి, బిరడా బిగించి, వీధి పేరును, నీరు వచ్చిన గంటను చీటిపై వ్రాసి అంటింపవలెను. కావేరినీరో, బోరునీరో తెలిసినచో అదియు వ్రాయవలెను. ప్రతి సోమవారము తెలుగు తరగతి ముగిసిన పిదప సీసాలను మేము తీసికొందుము.